చిన్న ప్రమాదాల మరమ్మతు ఖర్చు: బీమా మీద వేయాలా, చేతి నుంచి పెట్టుకోవాలా?

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ బెంజి సర్కిల్‌లోనైనా, హైదరాబాద్ అమీర్‌పేటలోనైనా సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక కారు తాకిందంటే, దిగిన ఇద్దరి నోటా దాదాపు ఒకే సంభాషణ వినిపిస్తుంది. "ఇన్సూరెన్స్ ఉంటుంది కదండీ, క్లెయిమ్ చేసుకోండి" అని గుద్దినవారు అంటారు. "తప్పు నాది కాదు, నా ఇన్సూరెన్స్ ఎందుకు వాడుకోవాలి, మీరే బాగు చేయించి ఇవ్వండి" అని దెబ్బ తిన్నవారు అంటారు. చుట్టూ చేరినవాళ్లు ఈ రెండో మాటను మొండితనం కింద జమ కడతారు. నిజానికి అది న్యాయమైన మాట. ఎవరికీ గాయం కాని చిన్న ప్రమాదాల్లో బీమా జోలికి పోకుండా మరమ్మతు ఖర్చు చెల్లించుకోవడం చాలా సందర్భాల్లో ఇద్దరికీ మేలని, అయితే అది నడిరోడ్డు మీద గొంతులు పెంచి తేల్చుకునే వ్యవహారం కాకూడదని నా అభిప్రాయం.

ముందుగా లెక్క చూద్దాం. ఏడాది పొడవునా క్లెయిమ్ చేయని కారు యజమానికి నో క్లెయిమ్ బోనస్ కింద సొంత నష్టం ప్రీమియంలో (అంటే తన కారుకు కలిగే నష్టానికి రక్షణగా కట్టే భాగంలో) మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఆపై వరుసగా 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే ఇది సున్నాకు పడిపోతుంది. సొంత నష్టం ప్రీమియం తగ్గింపుకు ముందు 10,000 రూపాయలు ఉండి, ఈసారి రెన్యువల్‌లో 45 శాతం తగ్గింపు పొందవలసిన వ్యక్తి క్లెయిమ్ చేశాడనుకుందాం. మొదటి ఏడాదే 4,500 రూపాయలు అదనంగా కట్టాలి. బోనస్ మళ్లీ 20 శాతం నుంచి మెట్టుమెట్టుగా పెరగాలి కనుక, మూల ప్రీమియం మారదనుకుంటే, అందవలసిన 50 శాతంతో పోల్చితే తర్వాతి నాలుగేళ్లలో 3,000, 2,500, 1,500, 500 చొప్పున పోతాయి. మొత్తం 12,000 రూపాయలు. ఇదంతా ఒక్క బంపర్ కోసం.

పోనీ, కంపెనీ మరమ్మతు బిల్లంతా ఇస్తుందా అంటే అదీ లేదు. భాగాల తరుగుదలను కోయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ పాలసీ తీసుకోనివారికి ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగమే లెక్కలోకి వస్తుంది. పెయింట్ సామగ్రి ఖర్చులోనూ సగం కోస్తారు. ఆపైన 1500 సీసీ లోపు ప్రైవేటు కారుకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు యజమాని తప్పనిసరిగా భరించాలి. ఈ రోజుల్లో బంపర్ అంటే ప్లాస్టిక్కే కనుక, 6,000 రూపాయల చిన్న కారు బంపర్‌లో కంపెనీ నుంచి వచ్చేది 2,000 రూపాయలు. ఆటోనగర్‌లో అనుభవమున్న టింకరింగ్ మేస్త్రీ చేతిలో పెడితే, పగలని బంపర్ సొట్ట అసలు కొత్త భాగమే అవసరం లేకుండా సరిపోతుంది. షోరూం వాళ్లు మాత్రం "ఇన్సూరెన్సేగా సార్" అంటూ మార్చేయమనే సలహా ఇస్తారు.

నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం వేరే ఉంది. తప్పు ఎదుటివారిదైనా, బోనస్ పోయేది దెబ్బ తిన్నవారికే. సమగ్ర పాలసీ ఉన్న ప్రైవేటు కారు వల్ల ఇతరుల ఆస్తికి కలిగే నష్టానికి మామూలుగా 7.5 లక్షల రూపాయల వరకు థర్డ్ పార్టీ రక్షణ ఉంటుంది. కాగితం మీద ఇది పెద్ద మొత్తమే. అయితే దాన్ని రాబట్టుకోవాలంటే పోలీసు రికార్డులు సేకరించి, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ మెట్లెక్కాలి. 8,000 రూపాయల సొట్ట కోసం ఏ ఉద్యోగి సెలవులు పెట్టుకుని అంత దూరం వెళ్తాడు? అందుకే అతను తన సొంత పాలసీ మీదే క్లెయిమ్ చేసుకుంటాడు, లేదా నోరు మూసుకుని చేతి డబ్బు పెట్టుకుంటాడు. సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగినందుకు ఐదేళ్లపాటు జరిమానా కట్టినట్టే అవుతుంది. గుద్దిన వ్యక్తి తన జేబు నుంచి చెల్లించడం ఈ అన్యాయాన్ని సరిదిద్దే దారుల్లో అన్నిటికన్నా సులువైనది. ఆ దారి ఎంచుకున్నవారిని మనం మెచ్చుకోవాలి. ఇలా సొంతంగా చెల్లించుకున్నవారు రెన్యువల్‌లో బోనస్ కోరడం కూడా అబద్ధం కాదు, ఎందుకంటే ఆ బోనస్ ముడిపడి ఉన్నది క్లెయిముతోనే కానీ ప్రమాదంతో కాదు.

అయితే ఈ చెల్లింపు జరిగే తీరు చాలాచోట్ల దారుణంగా ఉంది. పెద్ద కారులోంచి దిగినవారు ఆటో డ్రైవరు తాళం చెవి లాక్కోవడం, లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకోవడం, ఫోన్ చేసి మనుషులను రప్పించడం మనం చూస్తూనే ఉన్నాం. అతని దగ్గర ఆ రోజు కిరాయి డబ్బులు ఎంత ఉంటే అంతా ఊడ్చి తీసుకుని, మరమ్మతు ఖర్చు అంటారు. దాన్ని రాజీ అని ఎవరూ అనలేరు. ఎదుటి వ్యక్తి తాళాలను, కాగితాలను పట్టుకునే అధికారం ఏ ప్రైవేటు వ్యక్తికీ లేదు. మాట తెగకపోతే 112కు ఫోన్ చేయాలి.

సవ్యంగా చేయాలనుకునేవారికి నా మనవి ఇది. అక్కడికక్కడే మొత్తం తేల్చేయవద్దు. బంపర్ వెనక రేడియేటరో, సెన్సరో దెబ్బ తిన్నదీ లేనిదీ విప్పితేనే తెలుస్తుంది. రెండు బండ్ల నంబర్లు, దెబ్బ తగిలిన చోటు కనిపించేలా ఫొటోలు తీసుకుని, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, మరుసటి రోజు గ్యారేజీలో ఎస్టిమేట్ రాయించుకుని, డబ్బును నేరుగా గ్యారేజీ ఖాతాకు పంపడం ఉత్తమం. తేదీ, బండ్ల నంబర్లు, మొత్తం, ఏ భాగానికి ఇచ్చారో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ కాగితంలో తప్పు ఒప్పుకున్నట్టు రాయనక్కర్లేదు. కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, చెల్లిస్తామని మాట ఇవ్వడం కూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది కాబట్టి, నష్టం పెద్దదిగా కనిపిస్తే ముందు కంపెనీకి తెలియజేయడమే క్షేమం. డబ్బు తీసుకున్నాక అదే సొట్టకు బీమా క్లెయిమ్ చేయడం మోసం.

మనిషికి చిన్న గాయమైనా తగిలిందంటే ఈ చర్చకే తావు లేదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, బీమా కంపెనీకి ప్రమాదం వివరాలు రాసి పంపడం డ్రైవరు బాధ్యత. తలకు తగిలిన దెబ్బ తీవ్రత మర్నాటికి గానీ బయటపడకపోవచ్చు. రోడ్డు మీద చేతిలో పెట్టిన రెండు వేలు ఆ కుటుంబానికి ఏ మూలకు వస్తాయి?

బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. తప్పు లేని యజమాని సొంత పాలసీ మీద క్లెయిమ్ చేసుకున్నా అతని బోనస్ పోకుండా నిబంధన తేవాలని, ఈ ఏడాది క్లెయిమ్ చేస్తే వచ్చే ఏళ్లలో ఎన్ని రూపాయలు నష్టపోతారో ప్రతి పాలసీ మీద తెలుగులో ముద్రించేలా కంపెనీలను ఆదేశించాలని ఆ సంస్థను కోరుతున్నాను. ఐరోపా దేశాల్లో ప్రమాదం జరిగిన చోటే ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపే ఉమ్మడి పత్రం దశాబ్దాలుగా వాడుకలో ఉంది. అలాంటి ఒక్క పేజీ తెలుగు పత్రాన్ని రెండు రాష్ట్రాల రవాణా శాఖలు తయారు చేసి, రిజిస్ట్రేషన్ సమయంలోనే ప్రతి యజమానికి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ