అస్థికలకు అడవి అంచున చోటు చూపండి

సంపాదకుల వారికి,

మా నాయన వయసులో ఉన్నప్పుడు అడవిపందుల వేటకు పోయేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మాని మామిడితోట చూసుకున్నాడు. మొన్న పోతూ పోతూ ఒకటే అడిగాడు: ‘నన్ను తలకోన జలపాతం దోవలో వంకలో కలపండిరా’ అని.

దివసాలయ్యాక ఎర్రగుడ్డ కట్టిన ముంత పట్టుకుని పోతే చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. గార్డు గుడ్డ విప్పి చూసి, మళ్లీ తనే జాగ్రత్తగా ముడేసి ఇచ్చాడు. ఆయన తప్పేం లేదు. 1989 నుంచి ఆ అడవి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. లోపలికి అనుమతి ఏ పనులకో చట్టంలో రాసుంది: అధ్యయనం, ఫొటోలు, పర్యాటకం లాంటివి. అస్థికల ఊసు లేదు. టికెట్ కొని జలపాతం చూడొచ్చు, నాయన మాట మాత్రం తీర్చకూడదు!

వేటగాడికి ఇంత మర్యాదా అనేవాళ్లు శ్రీకాళహస్తి పోయి చూడండి, కన్నప్పకు కొండమీద గుడే ఉంది. మన పల్లెల్లో వీరగల్లులకు, అంటే వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లకు, ఇప్పటికీ పసుపు పూస్తున్నారు.

అలాగని అడవిలో సమాధులు, సిమెంటు దిమ్మెలు కట్టనివ్వమని అడగను. అవొస్తే వెనకే ఫ్లెక్సీలూ, బిర్యానీ ప్యాకెట్లూ వస్తాయి. పార్కు హద్దుకు బయట, వాననీళ్లు పారే వంక ఒకటి చూపిస్తే చాలు. ముంత, గుడ్డ, కవర్లు వెనక్కి తీసుకుపోవాలని రూలు పెట్టండి. వేరే ఊళ్ల నుంచి కూడా అడిగేవాళ్లున్నారు కాబట్టి అటవీ అధికారులు కార్తీకంలోపే, వంకల్లో నీళ్లుండగానే ఈ సంగతి తేల్చాలి.

– ఒక రైతు, ఎర్రావారిపాళెం మండలం, తిరుపతి జిల్లా