మన చర్చి బావిని మళ్లీ బతికించుకుందాం – కమిటీ విన్నపం

ప్రభువునందు ప్రియమైన అన్నలకు, అక్కలకు, ఉద్యోగాలకని బెంగళూరు, చెన్నై వెళ్లిపోయినా క్రిస్మస్‌కు మాత్రం తప్పకుండా వచ్చే మన పిల్లలకు చిత్తూరు నుంచి పాస్టరేట్ కమిటీ వందనాలు.

సూటిగా చెప్పేస్తాం, డబ్బులు అడగడానికే రాస్తున్నాం. మైక్ సెట్‌కు కాదు, ఏసీకి కాదు. చర్చి వెనకాల ఉన్న రాతి కట్టు బావికి.

పోయిన నెల ఒక శనివారం ఆ బావి మీద కప్పిన రేకులు తీసి చూశాం. లోపల చుక్క నీళ్లు లేవు, సగం దాకా చెత్తే. కొక్కేలు వేసి నాలుగు గంపలు పైకి లాగేసరికి థర్మోకోల్ ప్లేట్లు, టీ కప్పులు, ఎప్పటివో మట్టల ఆదివారం నాటి ఈత మట్టలు, వాటి కింద మడతలు పడిన క్రిస్మస్ ఫ్లెక్సీ ఒకటి వచ్చాయి. ఫ్లెక్సీ విప్పితే అందులో మన పాస్టరు అయ్యగారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. అయ్యగారు పక్కనే నిలబడి ఉన్నారు పాపం, కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. బయటివాళ్లు వేశారని అనడానికి లేదు, కాంపౌండ్‌కు గేటుంది, గేటుకు తాళముంది, తాళంచెవి మన దగ్గరే ఉంది.

మరుసటి ఆదివారం అయ్యగారు ఆదికాండము 26వ అధ్యాయం తీశారు. అబ్రాహాము కాలంలో తవ్విన బావుల్ని ఫిలిష్తీయులు మట్టి పోసి పూడ్చేస్తే, ఇస్సాకు వాటిని మళ్లీ తవ్వించిన సంగతి. మన దగ్గర ఆ ఫిలిష్తీయుల పని కూడా మనమే చేశాం.

కొందరు పెద్దలు అడిగారు, పర్యావరణం చర్చి పనేనా, ఆత్మల సంగతి చూసుకోండి అని. మంచి ప్రశ్నే. కానీ ఆదామును ఏదెను తోటలో పెట్టింది దాన్ని సాగుచేసి కాపాడమనే కదా (ఆదికాండము 2:15), పాపం గురించిన మాట ఆ తర్వాతి అధ్యాయంలో గానీ రాదు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ‘లౌదాతో సీ’ అని భూమి గురించే ఒక పెద్ద లేఖ రాశారు, సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా చాలా దేశాల్లో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి సృష్టి కాలం అని ప్రార్థనలు జరుపుకుంటున్నారు. మనం కూడా ఏమీ చేయలేదని కాదు. ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవమని మొక్కలు నాటాం, ఫోటోలు దిగాం. మూడేళ్లలో నాటినవి నలభై, బతికినవి రెండు వేపలు, ఒక కానుగ. మిగతావి ఎందుకు పోయాయంటే జూన్‌లో నాటి జూలైకల్లా మర్చిపోయాం, గుర్తొచ్చినప్పుడు చూస్తే పోయడానికి నీళ్లు లేవు. అందుకే ఈసారి జూన్ 5న మొక్కలు వద్దనుకున్నాం. ముందు నీళ్లు, మొక్కలు అక్టోబరు వానల్లో.

నీళ్ల సంగతి మీకు తెలిసిందే. ఉన్న బోరు మార్చి వచ్చిందంటే గాలే పోస్తుంది. పోయిన ఎండాకాలం వారానికి రెండు ట్యాంకర్లు, ఒక్కోటి 700 రూపాయలు, పదహారు వారాలకు 22,400 కట్టాం. ఇంకో బోరు వేద్దామని కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. కానీ మనం ఇంకా లోతుకు పోతే వెనక వీధి వాళ్ల బోరు ముందు ఎండుతుంది, వాళ్లు మనకన్నా లోతుకు పోతారు, ఆ పోటీకి అంతుండదు. బావి అలా కాదు, వాన నీళ్లు అందులో దించితే భూమిలోకి ఇంకి మన బోరుకూ, చుట్టుపక్కల వాళ్ల బోర్లకూ అంతో ఇంతో ఊట అందుతుంది.

చర్చి పైకప్పు దాదాపు 3,000 చదరపు అడుగులు. ఒక మిల్లీమీటరు వాన పడితే దాని మీద సుమారు 279 లీటర్లు చేరతాయి. మనకు అక్టోబరు, నవంబరుల్లో తుపాను పట్టిందంటే ఒక్క రోజులో 50 మిల్లీమీటర్లు పడటం వింతేమీ కాదు, అంటే ఒక్క రోజులో దగ్గర దగ్గర 14 వేల లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు! ఇప్పుడా నీళ్లన్నీ ఏమవుతున్నాయి? గేటు ముందు రోడ్డు మీద నిలిచి, ఆదివారం బట్టలతో వచ్చిన పిల్లల కాళ్లకు బురదవుతున్నాయి. (లెక్క మా కోశాధికారి వేశారు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు కాబట్టి నమ్మొచ్చు.)

ఇక ప్లేట్లు. అయిదు వేలమందికి పెట్టాక కూడా ప్రభువు మిగిలిన ముక్కలు ఏరించారు, పన్నెండు గంపలు నిండాయి. మన ప్రేమ విందు అయ్యాక కూడా గంపలు నిండుతున్నాయి, కాకపోతే ప్లేట్లతో. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, అలంకరణ థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, మనం ప్రార్థన చేసుకుని మరీ వాడుతున్నాం. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేసి గాజు సీసాలు పెట్టారు. రోజూ వేలమంది వచ్చే చోట కుదిరింది, ఆదివారానికి మూడు వందలమంది వచ్చే చోట కుదరకపోవడానికి మనకు సాకు లేదు. స్టీలు ప్లేట్లు కొంటే కడిగే బాధ్యత ఎవరిదని స్త్రీల మైత్రి (మన చర్చి ఆడవాళ్ల సంఘం) అక్కలు ముందే అడిగారు, అడగాల్సిందే. మగవాళ్లు కడుగుతారని కమిటీ తీర్మానం రాసి సంతకాలు పెట్టింది, అతిక్రమిస్తే ఫోటోలు తీసి గ్రూపులో పెట్టండి.

ఖర్చు ఇదీ. పూడిక తీయడానికి 85,000, కట్టు రాళ్లు సరిచేసి పైన ఇనుప జాలీ వేయడానికి 60,000, పైకప్పు నుంచి పైపులు, కంకర ఇసుక బొగ్గుతో ఫిల్టర్ తొట్టి, మొదటి వాన మురికి బయటికి వదిలే వాల్వ్ కలిపి 70,000, మూడు వందల ప్లేట్లు గ్లాసులకు 45,000. మొత్తం 2,60,000. ఇప్పటికి 92,000 వచ్చాయి, ఇంకా 1,68,000 కావాలి. పూడికకు అంత ఎందుకంటారేమో, ఏళ్లుగా మూసి ఉన్న బావిలో ఊపిరాడని గాలి నిలిచిపోయి ఉంటుంది, లోపలికి గాలి కొట్టే మిషను, తాళ్లు, అలవాటున్న మనుషులు ఉండాలి. యూత్ తమ్ముళ్లూ, మీ ఉత్సాహం చాలా గొప్పది, దయచేసి ఎవరూ దిగొద్దు. ఇంకో మాట, ఈ నీళ్లు తాగడానికి కాదు, మొక్కలకూ, బాత్రూములకూ, ఆ ప్లేట్ల మొదటి కడుగుకూ.

ఎంతైనా ఇవ్వండి, వంద రూపాయలైనా రసీదు ఇస్తాం. ఆరాధన అయ్యాక వెస్ట్రీలో (చర్చి పక్క గదిలో) కోశాధికారి ఉంటారు, గేటు దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే, వేరే ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఇవ్వకండి. వచ్చిందీ ఖర్చయిందీ ప్రతి నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డులో పెడతాం. మన సంఘం కాకపోయినా ఈ వీధివాళ్లు ఎవరైనా ఇవ్వాలనుకుంటే సంతోషం, బావి ఊట మీకూ వస్తుంది. డబ్బు వీలుకాని వాళ్లు రెండు శనివారాలు చెత్త వేరుచేయడానికి రండి, గ్లౌజులు మేమిస్తాం.

ఒక చిన్న సహాయం కూడా. ఎవరింట్లోనైనా పాతాళ గరిగె (బావిలో పడ్డవాటిని పైకి తీసే కొక్కేల గుత్తి) ఉంటే నాలుగు రోజులు ఇప్పించండి. ముందు వరసలో కూర్చునే మన పెద్దమ్మ ఒకరు, కొత్త కోడలిగా వచ్చిన ఏడు తన ఇత్తడి బిందె ఆ బావిలో పడిపోయిందని, అత్తగారు వారం రోజులు మాట్లాడలేదని మొన్న మాతో చెప్పారు. దొరికితే ఆమెకే ఇస్తాం, కోత పండుగ వేలంలో పెట్టం.