మా సెక్షన్‌కు థాంక్స్, ఒక పాత బాకీతో సహా

మా బాబు కాలికట్టు విప్పి వారమైంది. ఇంకా కుంటుతూనే ఉన్నాడు గానీ, గోడ పట్టుకుని వంటింటిదాకా వచ్చి జంతికల డబ్బాలో చెయ్యి పెడుతున్నాడు. సోమవారం నేను డ్యూటీలో చేరుతున్నాను. సీట్లో కూర్చుంటే ఫైళ్లలో పడి మర్చిపోతాను, అందుకే ముందే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నాది. ప్రైవేటు కంపెనీల్లో హెచ్ఆర్ అంటారే, అదే పని. సెలవులు, ఇంక్రిమెంట్లు, సర్వీస్ బుక్కులు, పెన్షన్ కాగితాలు. చైల్డ్ కేర్ లీవ్ రూల్స్ నిద్రలో లేపి అడిగినా చెబుతాను: సర్వీసు మొత్తం మీద 730 రోజులు, మొదటి ఇద్దరు పిల్లలకే, వాళ్లకు 18 ఏళ్లు వచ్చేదాకా, ఏడాదికి 3 విడతలు, విడతకు 5 రోజులు తగ్గకూడదు. ఇన్నాళ్లూ అది ఇంకొకరి సెలవు. జూన్‌లో నాదైంది.

బడి తెరిచిన మూడో రోజే మెట్ల పిట్టగోడ మీంచి జారిపడ్డాడు. ఐదేళ్లవాడు. తొడ ఎముక విరిగింది. నడుము నుంచి పాదం దాకా కట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దన్నారు. రెండు మూడు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, చెక్కను తిప్పినట్టు, ఒళ్లంతా ఒకేసారి. లోపల దురద పెడుతుందని ఏడ్చేవాడు. పుల్లలతో గోకొద్దన్నారు కాబట్టి కట్టు అంచు దగ్గర విసనకర్రతో విసరడమొక్కటే దారి. అర్ధరాత్రి విసురుతూ విసురుతూ కూర్చునే నిద్రపోయిన రోజులున్నాయి.

మా ఆయన కూడా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగే, నాగ్‌పూర్‌లో. ఆయనకు ఈ సెలవు రాదు. 2018 డిసెంబర్‌లో మగవాళ్లకూ ఇచ్చారు గానీ, ఒంటరి తండ్రులకే. భార్య ఉంటే లేనట్టే. "మీకు వర్తించదు సార్" అని ఎంతమందికి ఫోన్లో చెప్పానో! అదేం న్యాయమని నాకు అప్పుడు తోచలేదు, మా ఇంటికొచ్చాకే తోచింది. ఆయన ఈఎల్ (ఆర్జిత సెలవు) పెట్టి పది రోజులుండి వెళ్లారు.

ఆస్పత్రి వరండాలో తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఫొటో తీసి మా సెక్షన్ ఆఫీసర్ మేడంకి పంపాను. ముందస్తు అనుమతి కావాలి, హక్కుగా అడిగేది కాదు అనే రూలు నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు, అందుకే చేతులు వణికాయి. ఆవిడ వెంటనే ఫోన్ చేసి, "కాగితాల సంగతి నేను చూసుకుంటా, నువ్వు లోపలికెళ్లు" అన్నారు. సోమవారం సాయంత్రానికి 49 రోజులు సాంక్షన్ అయి వచ్చింది. మొదటి 365 రోజులకు జీతం పూర్తిగా వస్తుంది కాబట్టి డబ్బు టెన్షన్ కూడా లేకపోయింది. మేడం, ఆ ఫోన్ నేను మర్చిపోను.

ఇక పాత బాకీ. నాలుగేళ్ల కిందట మా పక్క సీటు అక్క, కొడుకు పదో తరగతి పరీక్షలకని 3 రోజులు చైల్డ్ కేర్ లీవ్ అడిగారు. "5 రోజులకు తక్కువ, పరిశీలించడానికి వీలులేదు" అని రాసి వెనక్కి పంపేశాను. రూలు ప్రకారం తప్పు లేదు. కానీ రెండడుగుల దూరంలో కూర్చునే మనిషికి "అక్కా, ఐదని మార్చి ఇవ్వండి" అని నోటితో చెప్పలేకపోయాను.

ఈసారి నా సీటు పనంతా నెత్తిన వేసుకున్నది ఆవిడే. సరిగ్గా జూలై 1 ఇంక్రిమెంట్ల సమయం. దానికి తోడు మా అటెండర్ గారి రిటైర్మెంట్ జూలై 31న, ఆయన పెన్షన్ ఫైలు నా దగ్గరే సగంలో ఉంది. ఈ ఏడు వారాల్లో అక్క నాకు రెండుసార్లే ఫోన్ చేశారు. ఒకసారి బీరువా తాళంచెవి కోసం. రెండోసారి బాబు ఎలా ఉన్నాడని. అప్పుడు ఆ 3 రోజుల సంగతి నేనే ఎత్తాను, సారీ చెబుదామని.

"గుర్తులేకేం? ఈఎల్ పెట్టుకున్నా. ఇప్పటికీ మంటే," అన్నారు. "సరేగానీ, వాడు తిన్నాడా?"

నిన్న అటెండర్ గారు ఇంటికొచ్చారు, వీడ్కోలు సభలో కప్పిన శాలువా మడిచి సంచిలో పెట్టుకుని. నేను రాలేకపోయానని స్వీట్ బాక్స్ తెచ్చారు. సంచిలోంచి పెన్షన్ ఆర్డర్ కాపీ తీసి, "చూడండి మేడం, ఒక్క రోజు లేట్ కాలేదు" అని చేతికిచ్చారు. పేజీ తిప్పి చూశాను. సర్వీసు లెక్క, గ్రాట్యుటీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్క నాకంటే శుభ్రంగా చేశారు, ఒప్పుకోవాలి.

సోమవారం గోంగూర పచ్చడి తెస్తున్నాను. పెద్ద సీసా సెక్షన్‌కు. చిన్నది అక్కకే, దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి.