పెర్మిట్ సంగతి, బౌరాన్ సంగతి

బుజ్జీ,

ఇక్కడ అందరం కులాసా. పెద్దత్త మోకాలి ఆపరేషన్‌కి చివరికి ఒప్పుకుంది. నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది, ఆఫీసులో తీరిక లేదనుకున్నాం. నువ్వు ఉద్యోగం మానేసి పాటలు పట్టుకుంటావని సుబ్బు పిన్ని ఏదో అంది, దానికేంలే.

నువ్వు ఐర్లండు నుంచి పంపిన మీ ఐరిష్ గాయకుడు క్రిస్టీ మూర్ పాటలు వింటున్నాను. బ్యాంకు ఉద్యోగం వదిలి పాటలు పట్టుకున్నాడని మురిసిపోతూ రాశావు. జరిగింది వేరు. 1966లో బ్యాంకుల సమ్మె వచ్చింది, జీతం ఆగింది. పని వెతుక్కుంటూ ఇంగ్లండు పోయి, కట్టడాల దగ్గర కూలి చేస్తూ ఫోక్ క్లబ్బుల్లో పాడాడు. సమ్మె అయిపోయినా తిరిగి రాలేదు. మొదటి రికార్డు 1969లో, అదీ 500 కాపీలు. రెండోది కిల్డేర్‌లో ప్రాస్పరస్ అనే ఊళ్ళో, ఓ పాత ఇంటి నేలమాళిగలో చేశారు. 1972లో వచ్చింది. దాంట్లో వాయించిన డోనల్ లన్నీ, ఆండీ ఇర్వైన్, లియమ్ ఓఫ్లిన్‌లతోనే ప్లాంక్స్‌టీ అనే బ్యాండు కట్టాడు. లెక్కేసుకో, ఆరేళ్ళు. పైగా ఐరిష్‌వాడు ఇంగ్లండులో పనిచెయ్యడానికి ఎవరి పర్మిట్టూ అక్కర్లేదు.

నీకు కావాలి. నీ పర్మిట్ అందులో రాసిన ఉద్యోగానికే. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద 21 నెలలు పనిచేశాకే, పర్మిట్ లేకుండా పని చేసుకోనిచ్చే స్టాంప్ 4 అడగొచ్చు. అది చేతికి రాకుండా పబ్బులో డబ్బు పుచ్చుకుని పాడితే చిక్కే. పిన్ని మాటకి రాస్తున్నాననుకోకు, ఊరికే గుర్తొచ్చింది.

ఇంకోటి. 'రైడ్ ఆన్' పాట అనగానే క్రిస్టీయే గుర్తొస్తాడు గానీ, రాసింది జిమ్మీ మెకార్తీ. రేడియోలో వేసినప్పుడల్లా అక్కడి రాయల్టీల సంస్థ ఐమ్రో వసూలు చేసే రచయిత వాటా రాసినవాడికే. నువ్వు సొంతంగా రాస్తున్నావు కాబట్టి ఐమ్రోలో చేరి ప్రతి పాటా నమోదు చేయించు. ఇంకొకరితో కలిసి రాస్తే ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద పెట్టి సంతకాలు తీసుకో. స్నేహితులే కదా అని ఊరుకోకు, పాట ఆడాక స్నేహితులే గొడవపడతారు.

నీ బౌరాన్, ఆ ఐరిష్ డప్పు, హీటర్ పక్కన పెట్టకు. మేకతోలు బిగిసి అంచున చిట్లుతుంది. వానరోజు వదులై మొద్దుగా మోగితే కాసేపు వెచ్చని గదిలో ఉంచు, చాలు. తోలు మరీ బిగుసుకుంటే వెనకనుంచి తడిచేత్తో రాయి. చెవులకు మఫ్లర్ చుట్టుకో, రాత్రి పెరుగు తినకు, గొంతు పట్టేస్తుందంటారు.

ఆదివారం ఫోన్ చెయ్యి. రాజీనామా కాగితం ఇచ్చావో లేదో అమ్మకి చెప్పకు, నాకు చెప్పు.

నాన్న