లిబరేటర్ దగ్గర నుంచి బాబాయికి

టూసాన్, అరిజోనా

బాబాయికి నమస్కారాలు.

పిన్ని మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోనులో సరిగా వినపడదంటావు కదా, అందుకే ఈసారి పెద్ద అక్షరాలతో ఉత్తరం రాస్తున్నాను.

నాలుగు నెలలుగా ప్రతి శనివారం పీమా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. దాదాపు 400 విమానాలు. చాలావాటిని ఆరుబయటే నిలబెట్టారు. ఎడారి కదా, గాలిలో తేమ తక్కువ, లోహం అంత తొందరగా పాడవదు. పక్కనే డేవిస్-మాంథన్ బేస్‌లో అమెరికా తన పాత సైనిక విమానాలను వేలల్లో దాచుకున్నదీ ఇందుకే. ఎండ మాత్రం మన గుంటూరు ఎండను మించిపోతుంది.

అసలు సంగతికి వస్తాను. మొదటి రోజే ఒక హాల్లో బి-24 లిబరేటర్ చూశాను, అదే, ఆ నాలుగు ఇంజిన్ల బాంబరు విమానం. నాతో ఉన్న పెద్దాయన రిటైరైన మెకానిక్. "ఇది మీ దేశం నుంచే వచ్చింది, తెలుసా?" అన్నాడు. ఒళ్లు ఝల్లుమంది బాబాయ్. మన వైమానిక దళం వాడిన విమానమట. 1969లో మన ప్రభుత్వం ఇస్తే, అక్కడి నుంచి ఎగురుకుంటూ ఇక్కడికి వచ్చింది. నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. నీ పూనా, వైమానిక దళంలో నువ్వు పనిచేసిన ఆరో స్క్వాడ్రన్, సముద్రం మీద గస్తీ కబుర్లు.

దాని బాంబుల తలుపులు కిరాణా కొట్టు షట్టరులా పక్కకు చుట్టుకుని పైకి పోతాయని అరుగు మీద కూర్చుని చెప్పేవాడివి. నేను నమ్మేవాణ్ణి కాదు. కింద నిలబడి కళ్లారా చూశాను, అచ్చం అలాగే ఉన్నాయి. లోపల నడవడానికి ఉన్న దారి జానెడే. ఆ జానెడు మీద, కింద తలుపులు తెరుచుకుని ఉంటే, మనుషులు ఎలా నడిచారో!

బయట ఇప్పుడు అమెరికా బాంబరు రంగులు వేసి ఉన్నాయి. మన మూడు రంగుల గుండ్రం గుర్తు కనిపించదు. అందుకే చూడటానికి వచ్చినవాళ్లకు నేను నోటితో చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు ఈ లిబరేటర్లను మళ్లీ ఎగరకుండా పాడుచేసి కాన్పూరులో వదిలేసి వెళ్లిపోయారని, బెంగళూరు విమానాల కర్మాగారం హెచ్.ఏ.ఎల్. వాళ్లు నలభైకి పైగా విమానాలను బాగుచేశారని, వాళ్ల టెస్ట్ పైలట్ మున్షీ ఒక్కొక్కటిగా వాటిని బెంగళూరుకు నడిపాడని, 1968 దాకా మనవాళ్లు వాడారని. చెత్తగా వదిలేసిన వాటిని నిలబెట్టినవాళ్ల గురించి చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుంది. లండన్, ఒట్టావా మ్యూజియంలకు చేరిన లిబరేటర్లు కూడా మన దగ్గరవే.

పెద్దాయన నీ గురించి ప్రతి శనివారం అడుగుతున్నాడు. స్పేర్ పార్టులు దొరకనప్పుడు ఇంజిన్లను ఎలా నడిపించారు? ఒక విమానం విడిభాగాలు ఇంకోదానికి వేసేవాళ్లా? నాలుగు ఇంజిన్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఏది? నీకు గుర్తున్నవన్నీ రాయి. ఆయిలు వాసన దగ్గర నుంచి, మీ ఫ్లైట్ సార్జెంట్ తిట్ల దాకా. చేతులు వణుకుతున్నాయంటే చిన్నోడికి చెప్పి రాయించు. ఇంగ్లీషులోకి నేను మారుస్తాను.

ఓవరాల్స్‌లో నువ్వు దిగిన ఆ ఫోటో ట్రంకు పెట్టెలో ఉందా? ఉంటే ముందు దాన్ని పంపు. రెండు వైపులా తీయించు, వెనక ఏదో రాసి ఉన్నట్టు గుర్తు.

ఉంటాను,
నీ పెద్దోడు