పురుష శిక్షకుల సంఖ్య: ట్రేడుల వారీగా లెక్క చెప్పాలి

సంపాదకులకు,

నమస్కారం. పదో తరగతి తర్వాతి వృత్తి విద్యలో పురుష అధ్యాపకుల వాటా తగ్గుతోందన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. కొందరు దీన్ని మహిళల పురోగతిగా చూసి సంతోషిస్తున్నారు. మరికొందరు మగవారు చేతిపని నేర్పే వృత్తికి దూరమవుతున్నారని ఆందోళన పడుతున్నారు. చెన్నైలోని అంబత్తూరు ప్రాంతంలో చాలా ఏళ్లు ఐటీఐ (పారిశ్రామిక శిక్షణ సంస్థ)లో ఫిట్టర్ ట్రేడు, అంటే యంత్ర భాగాలను మలిచి అమర్చే పని, నేర్పి విరమణ పొందినవాడిగా, ఏ నిర్ణయానికైనా వచ్చేముందు ఉన్న లెక్కలేమిటో, లేని లెక్కలేమిటో చూడాలని విన్నవించుకుంటూ ఈ లేఖ రాస్తున్నాను.

కేంద్ర విద్యాశాఖ జరిపే అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2014-15లో ప్రతి వంద మంది పురుష అధ్యాపకులకు 63 మంది మహిళలు ఉండగా, 2021-22 నాటికి ఆ సంఖ్య 77కు చేరింది. మొత్తం 15.98 లక్షల మందిలో పురుషుల వాటా 56.6 శాతం. ఈ వాటాను మాత్రమే చూసినవారికి మగవారు ఉద్యోగాలు వదిలి వెళ్లిపోతున్నారనే అనిపిస్తుంది. అయితే అదే సర్వేలో మహిళా అధ్యాపకులు 5.69 లక్షల నుంచి 6.94 లక్షలకు పెరిగారు. నిష్పత్తిని బట్టి లెక్కించి చూస్తే పురుషుల సంఖ్య 2014-15లోనూ సుమారు తొమ్మిది లక్షలే, ఏడేళ్ల తర్వాతా సుమారు తొమ్మిది లక్షలే. అంటే మొత్తం మీద మగవారు తగ్గలేదు. కొత్తగా పెరిగిన సంఖ్య దాదాపుగా మహిళలదే. ఇది నిస్సందేహంగా మంచి పరిణామం.

చిక్కు ఎక్కడంటే, ఈ సర్వేలో పాలిటెక్నిక్‌లు ఉన్నాయి గానీ ఐటీఐలు లేవు. పైగా పాలిటెక్నిక్‌లు కూడా విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కళాశాలలతో కలిసిన మొత్తంలోకే చేరిపోతాయి. ప్రపంచ దేశాలను పోల్చేందుకు యునెస్కో గణాంక సంస్థ సేకరించే వివరాలలో సెకండరీ (అంటే పన్నెండో తరగతి) తర్వాతి వృత్తి విద్యలోని పురుష అధ్యాపకుల సంఖ్య అనే అంశం ఉంది. మన ఐటీఐలలో కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు, చాలా వాటికి పది కావాలి. పాలిటెక్నిక్ డిప్లొమా పది తర్వాత మూడేళ్లు. ఇవి ఆ చట్రంలో సూటిగా ఇమడవు. కాబట్టి అక్కడ కనిపించే సంఖ్య పెరిగినా, తగ్గినా అంబత్తూరులోని వర్క్‌షాపులో ఏం జరుగుతోందో దాన్ని బట్టి చెప్పలేము.

ఆ వర్క్‌షాపులో జరిగే పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి. ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రవాడు మొదట్లో వైస్‌కు ఇనుప ముక్క బిగించి ఆకురాయితో చదును చేస్తూ ఉంటాడు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే ఒక పక్క సన్నని సందు కనిపిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో వాడికి తెలియదు. వెనక నిలబడ్డ శిక్షకుడు ఆ ముక్కను చూడకుండానే, మోచెయ్యి పైకి లేస్తోందని, ఆకురాయి ముందుకు పోయేటప్పుడు కుడిచేతి బరువు ఎక్కువవుతోందని, దాని శబ్దాన్ని బట్టి చెప్పగలగాలి. పుస్తకం చదివి నేర్చే విద్య కాదిది. అందుకే నిబంధనలు కూడా, ఒక యూనిట్‌కు ఇద్దరు శిక్షకులుంటే ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా చదివినవారు, రెండోవారు ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్‌తో పనిలో ఎదిగినవారు కావాలని చెబుతున్నాయి. శిక్షకుల సర్టిఫికెట్ ఇద్దరికీ ఉండాలి. చాలా ఆలోచించి పెట్టిన నిబంధన ఇది.

నేను గమనించినంతలో కొరత ఏర్పడుతున్నది ఈ రెండోవారి విషయంలోనే. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్ ట్రేడులలో నాతోపాటు పనిచేసినవారు దాదాపు అందరూ మగవారు. ఒకరి తర్వాత ఒకరు విరమణ పొందారు. ఖాళీ అయిన స్థానాలలో కొన్ని భర్తీ కాలేదు, కొన్ని తాత్కాలిక నియామకాలయ్యాయి. నెల్లూరు, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చి నా దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీలలో స్థిరపడిన శిష్యులను, మీరొచ్చి పిల్లలకు నేర్పండయ్యా అని అడిగాను. వారికి మనసు లేక కాదు. శిక్షకుల కోర్సు కోసం ఏడాదిపాటు జీతం వదులుకోవాలి. ఆ తర్వాత దొరికేది ఏటేటా పొడిగింపు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు ఉద్యోగం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉన్న మనిషి ఆ పని ఎందుకు చేస్తాడు? వారి స్థానంలో నేనున్నా చేసేవాణ్ని కాదు.

ఇలా ఒక మగ శిక్షకుడు విరమణ పొంది ఆ స్థానం ఖాళీగా మిగిలితే, కాగితం మీద పురుషుల శాతం తగ్గి మహిళల శాతం దానంతటదే పెరుగుతుంది. ఒక మహిళ కూడా కొత్తగా ఉద్యోగంలో చేరకుండానే పురోగతి కనిపిస్తుంది. ఇది మహిళలకూ న్యాయం కాదు. నేను చూసిన సంస్థలలో మహిళా శిక్షకులు ఎక్కువగా కంప్యూటర్, కుట్టుపని ట్రేడులకే పరిమితమయ్యారు. లేత్ దగ్గర, వెల్డింగ్ బూత్‌లో నేర్పే మహిళ అరుదు. తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన పుదుమై పెణ్ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన అమ్మాయిలకు నెలకు వెయ్యి రూపాయలు అందుతోంది, అది ఐటీఐలలో చేరినవారికీ వర్తిస్తుంది. యంత్రాల ట్రేడులు నేర్చుకున్న ఆ అమ్మాయిలలో కొందరైనా ఫ్యాక్టరీ అనుభవం సంపాదించి శిక్షకులుగా తిరిగి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. వారు రావాలన్నా కావలసింది అదే స్థిరమైన ఉద్యోగం, అదే జీతం.

ఈ విషయాన్ని ఇప్పుడు ప్రస్తావించడానికి కారణముంది. వెయ్యి ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు 60,000 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం 2025 మే నెలలో జాతీయ పథకాన్ని ఆమోదించింది. అందులో 50,000 మంది శిక్షకులకు శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యం ఉంది. అందుకు బలోపేతం చేసే ఐదు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలలో మన చెన్నై, హైదరాబాద్ సంస్థలు రెండూ ఉన్నాయి. తమిళనాడు ఇప్పటికే 71 ప్రభుత్వ ఐటీఐలలో కొత్త యంత్రాల కోసం భారీగా ఖర్చు చేసింది. యంత్రాలకు డబ్బు దొరికినప్పుడు, వాటి దగ్గర నిలబడి నేర్పేవారి గురించి సరైన లెక్కైనా ప్రజల ముందుండాలి.

కేంద్ర శిక్షణ డైరెక్టరేట్, రాష్ట్ర ఉపాధి శిక్షణ శాఖ ఏటా ఒక పట్టిక ప్రచురించాలని కోరుతున్నాను. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, పనిచేస్తున్నవారిలో స్త్రీలెందరు, పురుషులెందరు, రెగ్యులర్ ఎందరు, కాంట్రాక్టు ఎందరు, రాబోయే ఐదేళ్లలో విరమణ పొందేవారెందరు అన్నది ట్రేడుల వారీగా, ప్రైవేటు ఐటీఐలతో సహా అందులో ఉండాలి. ఫ్యాక్టరీలో పనిచేస్తున్నవారు జీతం కోల్పోకుండా శిక్షకుల కోర్సు పూర్తిచేసేందుకు సాయంత్రం తరగతులో, స్టైపెండో ఏర్పాటు చేసే విషయాన్ని చెన్నై గిండీలోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఈ కొత్త పథకం నిధులతోనే పరిశీలించాలి. కోర్సు ముగించినవారిని రెగ్యులర్ పోస్టులలో నియమించే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
పెరంబూరు, చెన్నై