మళ్లీ మట్టి తోలకండి, ముందు నీళ్లు పోయే దారి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది బాపట్ల జిల్లాలో, కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూముల్లో ఉన్న ఊరు. ఊరి మొత్తానికి పిల్లలు ఆడుకునే గ్రౌండు ఒక్కటే, ఎకరంన్నర ఉంటుంది. దాన్ని బాగు చేయడానికి ఈసారి కూడా మట్టి తోలిస్తారని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. బాగు చేస్తామంటే సంతోషమే, కానీ ఆ డబ్బుతో నిలిచిన వాన నీళ్లు బయటికి పోయేలా నేల కింద గొట్టాలు వేయించండి అని అడగాలనిపించింది.

మా పెద్దమ్మాయి ఖోఖో ఆడుతుంది. జూలై నుంచి సంక్రాంతి దాకా ఆ గ్రౌండులో తను ఆడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాది నల్లరేగడి నేల, వాన పడిన మర్నాడు నాలుగడుగులు వేస్తే చెప్పుల కింద బురద అట్టలు కట్టి కాలు బరువెక్కిపోతుంది, అయిదో అడుగుకి కాలు పైకొస్తుంది గానీ చెప్పు రాదు. అదే నేల ఏప్రిల్ వచ్చేసరికి బీటలు వారుతుంది. టెన్నిస్ బంతి బీటలోకి జారిపోతే పిల్లలు పుల్ల పెట్టి కెలుక్కుని తీసుకుంటారు. మా పక్కింటి అబ్బాయికి పోయినేడు అలాంటి బీటలోనే కాలు పడి చీలమండ బెణికింది, మూడు వారాలు బడికి పోలేదు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. ఆ నీళ్లు మా పొలాల్లోంచి పోయాయి, వీధుల్లోంచి పోయాయి, గ్రౌండులోంచి మాత్రం పోలేదు. ఆయిల్ ఇంజను పెట్టి తోడించారు, పైన నిలిచిన నీళ్లు పోయాయి గానీ లోపల నేల నానిపోయే ఉంది. సంక్రాంతి ముగ్గుల పోటీలు గుడి ముందు రోడ్డు మీదే పెట్టుకున్నాం.

ఎందుకు పోవడం లేదో కాస్త చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బాక అందులోంచి నీరు కిందికి దిగడం దాదాపు ఆగిపోతుంది. దాని మీద ఇప్పటికి రెండుసార్లు చెరువు మట్టి తోలారు, అదీ నల్ల మట్టే, రోలరుతో తొక్కించేసరికి నేల ఇంకా బిగుసుకుపోయింది. తర్వాత చుట్టూ వాకింగ్ ట్రాక్ అని జానెడు ఎత్తున టైల్స్ వేశారు. పెద్దవాళ్లకి పొద్దున్నే నడవడానికి బాగానే ఉంది గానీ ఆ ట్రాక్ గ్రౌండుకి గట్టు కట్టినట్టయింది, అంతకుముందు ఒక పక్కకి పారే నీళ్లు కూడా ఇప్పుడు లోపలే నిలుస్తున్నాయి. ఇక రోడ్డు సంగతి: వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేస్తూ వచ్చారు, దాంతో పాటు సైడు కాలువనీ ఎత్తు చేశారు, ఇవాళ ఆ కాలువ అడుగు మా గ్రౌండు కంటే ఎత్తులో ఉంది.

నిజానికి నేల కింద గొట్టాలు వేసే పని మన ప్రాంతానికి కొత్తది కాదు. డెల్టాలో పంట కాలువ ఎంత అవసరమో మురుగు కాలువ అంతే అవసరమని రైతులకి ఒకరు చెప్పక్కర్లేదు. నేల కింద చిల్లుల గొట్టాలు వేసి మురుగునీ, ఉప్పునీ బయటికి పంపడం మన బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్ సాయంతో కోనంకి, ఉప్పుగుండూరు పొలాల్లో చేసి చూపించారు. వరి చేనుకి పనికొచ్చిన పద్ధతి పిల్లల గ్రౌండుకి ఎందుకు పనికిరాదు? బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో లాగా నీళ్లు పీల్చే యంత్రాలు పెట్టమని మేం అడగడం లేదు. గొట్టం, కంకర, ఇసుక, సరైన వాలు, అంతే.

నాకు అర్థమైనంతలో పని ఇలా ఉంటుంది. గ్రౌండు మధ్యలో ఒక పెద్ద గొట్టం, దానికి రెండు పక్కల నుంచి చేప ముల్లులా వచ్చి కలిసే చిన్న గొట్టాలు. మాలాంటి బంక నేలలో వాటిని పదిహేను అడుగులకొకటి చొప్పున దగ్గర దగ్గరగా వేయాలి. రెండడుగుల లోతు కాలవ తవ్వి, వందడుగులకి ఒక అడుగు వాలు ఉండేలా చూసుకుని, చిల్లుల గొట్టం పెట్టి చుట్టూ కంకర, పైన ముతక ఇసుక నింపాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడే: తవ్విన నల్ల మట్టినే మళ్లీ పైన కప్పేస్తే గొట్టాలు ఎంత మంచివైనా నీళ్లు వాటి దాకా చేరవు. ఇసుక పైదాకా రావాలి, గ్రౌండు మొత్తం మీద కూడా ఒక ఇసుక పొర పడాలి, మధ్యలో కొంచెం ఎత్తు ఉండి నాలుగు వైపులా వాలాలి. గొట్టాల చివర్లలో మూతలున్న చిన్న తొట్లు కట్టిస్తే ఏడాదికోసారి నీళ్లు కొట్టి ఒండ్రు కడిగేయొచ్చు.

ఇదంతా చేసినా చివర నీళ్లు ఎక్కడ పడతాయన్నదే ముఖ్యం. సైడు కాలువలో కలిపితే వానాకాలంలో ఆ నీళ్లే ఎదురొస్తాయి. తూర్పు మూల నుంచి వంద గజాల్లో పొలాల మురుగు కాలువ ఉంది, అది గ్రౌండు కంటే బాగా పల్లం. దానిలోకి కలిపి, ఆ కాలువ నిండినప్పుడు నీళ్లు వెనక్కి తన్నకుండా గొట్టం మూతికి ఒక తలుపు పెట్టాలి. ఇంకుడు గుంత తవ్వుదామని కొందరు అన్నారు. మా ఊళ్లో వానాకాలంలో నాలుగడుగులు తవ్వితేనే నీళ్లు ఊరతాయి, ఇక ఆ గుంత తాగేదేముంది?

అధికారులకి నా విన్నపం ఒక్కటే. ట్రాక్టర్లు పంపే ముందు ఒక్క పూట లెవెల్ చూసే పరికరంతో ఇంజనీరు గారిని పంపండి. గ్రౌండు, సైడు కాలువ, పొలాల మురుగు కాలువ, మూడింటి ఎత్తులూ కొలిపించి ఆ కాగితం ఊరి నోటీసు బోర్డు మీద అంటించండి. ఎండలు ముదిరి నేల గట్టిగా ఉన్నప్పుడే తవ్వకం పని అవుతుంది, జూన్ దాటితే మళ్లీ వచ్చే ఏడాదే.

ఒక తల్లి,
బాపట్ల జిల్లా